అవ్వ నోట తాత పేరు

నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో డేటాబేస్‌ల పాఠం చెబుతాను. ఒకప్పుడు బీరువాల నిండా ఫైళ్లుండేవి, తర్వాత పట్టికలొచ్చాయి, ఇకమీదట డేటాబేస్ తన తప్పులు తానే దిద్దుకుంటుంది అని పిల్లల్ని ఏటా ఊరిస్తుంటాను. మొన్న సముద్రం ఒడ్డున మా ఊరు మైపాడులో అది మా కుటుంబాన్నే దిద్దేసింది.

మా వాళ్లలో మనవడికి తాత పేరు పెట్టాలి. మా నాయనా, ఇద్దరు బాబాయిలూ పంతానికి పోయి ఎవరికి వారు పెట్టేశారు. అలా నాకూ, బాబాయిల కొడుకులిద్దరికీ ఒకటే పేరు. సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసేనాటికి మత్స్యకారుల సొసైటీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే కుటుంబ కార్డు చూసి అది ముగ్గురినీ కలిపేసి నన్నొక్కడినే మిగిల్చింది. బోటెక్కితే వాంతి చేసుకునే నన్ను!

పెద్ద బాబాయి కొడుకు కృష్ణపట్నం పోర్టులో పనికి పోతాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. చిన్న బాబాయి కొడుకు బతుకంతా బోటు మీదే. తెల్లారి అందరి బోట్లూ నీళ్లలోకి దిగుతుంటే, అనుమతి లేక వాడిది ఇసుకలోనే ఉండిపోయింది.

"విడదీయాలంటే కార్డు ఎవరి పేరున ఉందో ఆ మనిషే నోటితో చెప్పాల సార్. ఒక్కో మనవడి పేరూ, వాళ్ల నాయన పేరూ" అంటూ సొసైటీ గుమాస్తా ఫోను చాపాడు.

కార్డు పక్కనే కూర్చున్న మా అవ్వది, అంటే మా నాయన తల్లిది. ఆమె ఏనాడూ మొగుడి పేరు పలికిన మనిషి కాదు. తాత పోయినా ఆ పట్టు పోలేదు. మమ్మల్ని కూడా పొడుగోడా, నల్లోడా, బుడ్డోడా అనే పిలుస్తుంది. బుడ్డోడంటే చిన్న బాబాయి కొడుకు, వాడికి ఇప్పుడు బారెడు మీసాలు.

"మనవడి పేరు చెప్పండి" అంది ఫోను.

"బుడ్డోడు."

"క్షమించండి, మళ్లీ చెప్పండి."

"బుడ్డోడేనమ్మా! చెవుడా ఏంది నీకు?"

నేను చెప్పబోతే మగ గొంతు చెల్లదంది. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఆయన పేరు నేనెట్టా చెప్పేదిరా? కళ్లు పోతాయి" అంది అవ్వ.

"అవ్వా, నేను బోటు దించేదా వద్దా?" అన్నాడు బుడ్డోడు, ఏడుపు ఆపుకుంటూ.

అవ్వ వాడి మొహం చూసింది. తలమీదికి కొంగు లాక్కుని, ఫోను మీదికి వంగి, తాత పేరు చెప్పింది, వెనకే చిన్న బాబాయి పేరూ చెప్పింది. తాత పేరంటే నా పేరే, అయినా అంత ముద్దుగా ఎవరి నోటా వినలేదు. మిగిలిన ఇద్దరికీ అలాగే చెప్పింది. ఫోను మమ్మల్ని ముగ్గుర్ని చేసింది. బుడ్డోడు బోటు దగ్గరికి పరిగెత్తాడు.

గుమాస్తా ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయిపోయింది అవ్వా, ఇంక చాలు" అన్నాను.

అవ్వ కొంగు దించకుండా, ఎవరూ అడక్కుండానే, తాత పేరు ఇంకోసారి చెప్పింది.