డెన్మార్క్‌లో అయితే మల్లేశన్న ఊరు పట్నమే

నిన్న పొద్దున చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు ఏరుతుంటే ఫోన్. స్రవంతి. మల్లేశన్న దగ్గర జాగ్రఫీ చదువుకునే అమ్మాయి.

"అన్నా, క్లాస్‌కొచ్చినం. సార్ లేస్తలేడు."

అంతే అంది. తర్వాత ఏడుపు.

లేవకపోవడం ఏంటి? మొన్న సాయంత్రమే కదా నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నాతో చాయ్ తాగాడు! షుగర్ తక్కువైందని హోటల్ వాడితో గొడవ కూడా పెట్టుకున్నాడు!

అశోక్‌నగర్‌లో ఆయన రూమ్‌కి పరిగెత్తాను. డాక్టర్ అప్పటికే చూసి వెళ్ళిపోయాడు. హార్ట్ ఎటాక్, నిద్రలోనే అన్నారు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా.

తెలియని వాళ్ళ కోసం. మల్లేశన్న, నేను కలిసి సివిల్స్‌కి ప్రిపేర్ అయ్యాం. ఒకే కోచింగ్, ఒకే ఆప్షనల్, జాగ్రఫీ. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో సెటిలైనవాళ్ళు. ఆయనది నల్గొండ వైపు చిన్న పల్లె.

మా కోచింగ్ సార్ ఒక టేబుల్ డిక్టేట్ చేశాడు. ఏ దేశంలో ఎంత శాతం జనం పట్టణాల్లో ఉంటున్నారో వరసగా. పైనున్న దేశాలు ముందుకెళ్ళినట్టు, మనం వెనకబడినట్టు కింద ఒక కంక్లూజన్. అశోక్‌నగర్‌లో ఏ రూమ్‌కి వెళ్ళినా గోడమీద అదే టేబుల్. అందరం బట్టీ కొట్టాం.

మల్లేశన్న మాత్రం క్లాస్‌లో లేచి నిలబడ్డాడు.

"సార్, డెన్మార్క్‌ల రెండు వందల మంది ఒక్కతాన ఉంటే పట్నమంటరు. జపాన్‌ల సిటీ అనాల్నంటే యాభై వేలు గావాలె. మన దగ్గర ఐదు వేల జనం ఉండాలె, జర చిక్కగ ఉండాలె, పనిచేసే మగోళ్ళల్ల నూటికి డెబ్బై ఐదు మంది ఎవుసం గాని పని చెయ్యాలె. కొలతలే అలగ్ అలగ్ ఉంటే అందర్ని ఒక్క లైన్ల ఎట్ల నిలవెడ్తరు? గట్లయితే, డెన్మార్క్‌ల మా ఊరు గూడ పట్నమే!"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

"మార్కులు కావాలంటే నేను చెప్పింది రాయి. లేదంటే బయటికి నడు."

నడిచేశాడు మహానుభావుడు! వారం పాటు బతిమాలి మళ్ళీ తీసుకొచ్చాను.

మెయిన్స్ వచ్చింది. ఆయనకది లాస్ట్ అటెంప్ట్. అది పోతే ఇక సివిల్స్ లేదు, అంతే.

వరసగా బంద్‌లు నడుస్తున్న రోజులవి. జాగ్రఫీ పేపర్ రోజు కూడా బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. హాల్ టికెట్లు పైకెత్తి పట్టుకుని సెంటర్ దాకా నడిచాం. బారికేడ్ దగ్గర పోలీసులు ఆపినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయాయి. గేటు మూసేస్తారేమోనని ఒక పక్క భయం. ఈ మనిషి లోపల ఏం రాస్తాడోనని ఇంకో పక్క భయం.

"అన్నా, దండం పెడతా. ఆ క్వశ్చన్ వస్తే సార్ టేబుల్ రాసెయ్."

"ముందుగాల గేటు దాక నడువు తమ్మీ. పరేషాన్ చెయ్యకు."

వచ్చింది. అచ్చం అదే. వివిధ దేశాల్లో పట్టణీకరణను పోల్చండి అని.

ఆయన నా ముందు వరసలో ఉన్నాడు. అందరి పెన్నులూ పరిగెడుతున్నాయి. ఆయన మాత్రం పెన్ను మూత పెట్టేసి కిటికీ వైపు చూస్తున్నాడు. రాయి బాబూ, ఆ దిక్కుమాలిన టేబుల్ రాసేయ్ అని లోపల్లోపల అరుస్తున్నాను. ఇన్విజిలేటర్ కూడా ఆయన పక్కన ఓసారి ఆగింది. అప్పుడు మూత తీశాడు. బెల్ కొట్టేదాకా తల ఎత్తలేదు.

బయటికి రాగానే నిలదీశాను.

"ఎవరి కొలత ఏందో ముందుగాల రాసిన. గప్పుడు పోల్చిన."

"మార్కులు పోతే?"

"పోతె పోతయి. తప్పని ఎర్కయినంక ఎట్ల రాస్త?"

లిస్ట్‌లో ఆయన పేరు రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లేనా అంటే ఎవరికి తెలుసు? నా సంగతి వదిలేయండి, నేను బ్యాంకులో పడ్డాను.

ఆయన అదే రూమ్‌లో జాగ్రఫీ చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "మీది ఊరా, పట్నమా?" వాళ్ళు ఏది చెప్పినా రెండో ప్రశ్న, "ఏ దేశం కొలతల?" పిల్లలు జుట్టు పీక్కునేవాళ్ళు. మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

నిన్న సాయంత్రం అన్నని వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాం. స్టూడెంట్లు వ్యాన్లు మాట్లాడుకుని వెనకే వచ్చారు.

ఇంకా పాడె ఎత్తలేదు. అన్న వాళ్ళ పెద్దనాయన అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా అన్నాడు:

"పక్కింటి పిలగాడు తాసీల్దార్ అయిండు. మావోడు ఇన్నేండ్లు పట్నంల ఉండి ఏమయిండు?"

నా ఒళ్ళు మండిపోయింది. శవం ముందు గొడవెందుకని పళ్ళు బిగబట్టాను. డప్పు ఆగిపోయింది.

స్రవంతి ముందుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది.

"తాతా, మీ కొలత ఏందో ముందుగాల చెప్పున్రి. పోల్చుడు తర్వాత."

అయిపోయింది, ఇక్కడ కొట్లాట ఖాయం అనుకున్నాను.

పెద్దాయన ఆ పిల్లని చూశాడు. వెనక వాకిలి నిండా నిలబడ్డ పిల్లల్ని చూశాడు.

"గీళ్ళంత మావోని కాడ సదువుకున్నోళ్ళేనా?"

"అవును తాతా."

పెద్దాయన అరుగు దిగి, తువ్వాల నడుముకి కట్టుకుని, పాడెకి ముందు వైపు ఆయనే భుజం పెట్టాడు. పక్కన నేను పెట్టాను.

అన్నా, నిన్న మీ వీధిలో జనం పట్టలేదు. డెన్మార్క్ దాకా పోనక్కర్లేదు.

ఇక ఎవరితోనూ కొట్లాడకు. పోయిన చోట నెమ్మదిగా ఉండు. చాయ్‌లో మాత్రం షుగర్ ఎక్కువే వేయమని అడుగు.