వేట నిషేధం వచ్చేదాకా

మా బాబాయి పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను రాజమండ్రిలో, బాబాయి కంటి ఆపరేషన్ కోసమే ఆఫీసులో సెలవు చీటీ రాస్తున్నాను. ఇంకో ఆరు రోజులుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట పడవ తిరగబడిందన్నారు.

మీకెవరికీ మా బాబాయి తెలియదు. నాన్నకి ఆఖరి తమ్ముడు, నాకన్నా పదేళ్ళే పెద్ద. బడిలో ఉన్నప్పుడే కళ్ళజోడు వచ్చింది. అది తీస్తే తన వేళ్ళు తనకే అలుక్కుపోయినట్టు కనపడేవి. చేపల వేటకి వెళ్తే సముద్రం మీద ఉప్పునీటి తుంపర అద్దాలపై తెల్లగా ఎండిపోయేది, తుడుద్దామంటే ఒంటిమీద పొడిగుడ్డ ఉండేది కాదు. వలనూలుతో తలవెనక ముడి వేసుకున్నా మూడు జతలు సముద్రంలో పోయాయి. "చేపలన్నీ నా కళ్ళజోళ్ళే ఎట్టుకుని తిరుగుతున్నాయమ్మా. అందుకే వల కనపడి పక్కకి పోతున్నాయి" అని నవ్వేవాడు.

నాదీ కళ్ళజోడే. అది వదిలించుకోడానికి రెండేళ్ళ క్రితం నేను లేజర్ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు తోడు వచ్చింది బాబాయే. రెండు కళ్ళకీ కలిపి అరగంట పట్టలేదు. చుక్కల మందు వేసే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. మూడుసార్లు సబ్బుతో కడుక్కొచ్చినా ఆ చేతులు చేపల వాసనే వేసేవి. మర్నాడు నన్ను మేడమీదకి తీసుకెళ్ళి, "ఆ బస్సు బోర్డు చదువు. ఆ షాపు పేరు చదువు" అన్నాడు. నేను గడగడా చదువుతుంటే ఏడ్చేశాడు. కొన్నాళ్ళు కళ్ళు పొడిబారిన మాట నిజమే. కానీ లేవగానే దిండు పక్కన తడుముకోవడం, వానలో అద్దాలు తుడుచుకోవడం, వేడి అన్నం ముందు ఆవిరి పట్టడం, ఆ బాధలన్నీ పోయాయి.

"నువ్వూ చేయించుకో బాబాయ్" అని వెంటపడ్డాను. డాక్టరుగారు పరీక్షలు చేసి, చెయ్యొచ్చన్నారు. "నెలరోజులు మాత్రం కళ్ళలో సముద్రపు నీళ్ళు పడకూడదండి" అన్నారు.

"నెల్రోజులు ఏటకెళ్ళకపోతే ఎలాగండి? నిషేధంలో వస్తానండి" అన్నాడు బాబాయి. చేపలు గుడ్లు పెట్టే వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు, ఆయనకి దొరికే తీరిక అదొక్కటే. కిందటేడు ఆ తీరిక కాస్తా పడవ రిపేరుకి పోయింది. ఈ ఏడు నేను ఊరుకోలేదు. మళ్ళీ పరీక్షలు చేయించి, నిషేధం మొదలయ్యే రోజుకే డేటు తీసుకున్నాను.

ఆ పడవలో నలుగురున్నారు. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. బాబాయి వాళ్ళందరికన్నా బాగా ఈదుతాడు. బతికొచ్చిన వాళ్ళలో ఒకతను నా ముందు తలొంచుకుని కూర్చుని చెప్పాడు. "నూలు తెగి కళ్ళజోడు పోయిందమ్మా. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ఒడ్డు ఇటు, ఇటు అని అరుస్తానే ఉన్నాం. కెరటాల హోరులో ఇనపళ్ళేదు. మీ బాబాయి సముద్రంలోకి ఈదుకుంటా ఎల్లిపోయాడమ్మా."

నుదుటి రాత అంటున్నారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆరు రోజులండి, ఆరే ఆరు రోజులు. కిందటేడే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఉంటే బాబాయికి ఒడ్డు కనపడేది. నన్ను ఓదార్చకండి, నా వల్ల కావడం లేదు.

పదోరోజున సముద్రపు ఒడ్డుకి వెళ్ళాను. నిషేధం మొదలైంది, పడవలన్నీ ఇసుకమీదే ఉన్నాయి. కళ్ళజోడు లేకుండానే నాకు సముద్రం ఆకాశంలో కలిసేదాకా కనపడింది. ప్రతి కెరటం విడివిడిగా, స్పష్టంగా కనపడింది. ఎంత దూరం చూసినా నీళ్ళమీద ఎవరూ లేరు.