రెండు తొండాల ఏనుగు

ఈ పొద్దున మా కొత్త కోడలు రంగు వేసి విప్పిన పట్టుపోగులు పట్టుకొని ఏడుపు మొహంతో వచ్చింది. తను కట్టిన చిలకకు కన్ను లేదు. ఒక చిలకకు లేదంటే చీరలో ఏ చిలకకూ లేనట్టే. మా చిటికి పనిలో, అంటే నేసే ముందే పోగులకు కట్లు కట్టి రంగులద్దే ఇక్కత్‌లో, పోగుల్ని మడతలు వేసి ఒక్క బొమ్మ కడితే అదే చీరంతా దిగుతుంది, తప్పు కూడా అంతే శ్రద్ధగా దిగుతుంది. నేను బీరువా తీసి మా అత్తమ్మ చీర ఆ పిల్ల ఒళ్లో పెట్టాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. నలభై దాటాక అత్తమ్మ దగ్గర పని నేర్చుకోవడానికి కూర్చున్నాను. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు పట్టుకెళ్లాను. "ఏనుగు కాలికి ఎన్ని పోగులు అత్తమ్మా?" అంటే, "రాసుడెందుకు? సూడు" అంది. ఆర్నెల్లు చూశాను. చూస్తూ పాత సైకిల్ ట్యూబులు సన్నగా చీల్చాను. రంగు అంటకుండా పోగులకు చుట్టేది ఆ రబ్బరు చీలికలనే. నేను తినే పెరుగన్నం కూడా పంక్చరు షాపు వాసన వేసేది. ఎప్పుడు కట్టనిస్తావని అడిగితే, "నీకే తెలుస్తది" అనేది. నాకు మొదటి రోజే తెలిసిందని చెప్పే ధైర్యం లేకపోయింది.

చివరికి ఒకరోజు మోకాళ్ల నొప్పులకు దవాఖానకు పోతూ, తను కడుతున్న ఏనుగును నాకు అప్పజెప్పింది. అది మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి అమ్మమ్మగా తను పెట్టాల్సిన చీర. "తోక ఒక్కటే ఉన్నది. జర పైలం, సన్నగ కట్టు" అంది. ఆర్నెల్ల ఉత్సాహమంతా ఆ తోకకు పెట్టాను. తీరా మా ఆయన మగ్గం మీద నేస్తుంటే, కొంగులోని ఏనుగులన్నిటికీ ముందొక తొండం, వెనకొక తొండం! పెళ్లికి వారమే ఉంది, మళ్లీ కట్టే వ్యవధి లేదు. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూసి, "గిది ముందుకు పోతాందా, ఎనుకకు వస్తాందా?" అని మాత్రం అడిగింది. ఇక నన్ను పోగుల దగ్గరికి రానివ్వదనుకొని, వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మనవరాలికి తన కోసం దాచుకున్న చీర పెట్టింది అత్తమ్మ. తను మాత్రం ఆ ఏనుగుల్ని భుజాన వేసుకొని పెళ్లికొచ్చింది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కొంగు పరిచి మరీ చూపించింది. "మా కోడలు కట్టింది. తొలిసారి!" పెళ్లికొడుకు మేనత్త తనకూ అలాంటిదే కావాలంటే, "గసొంటిది నాకు రాదమ్మా, మా కోడల్నే అడగాలె" అంది. తెల్లారి కొత్త పోగులు నా ముందే పెట్టింది.

అత్తమ్మ పోయి నాలుగేళ్లు. ఆమెను చూడనైనా చూడని మా కోడలు ఇప్పుడు ఆ కొంగు అటూ ఇటూ తిప్పి, కళ్లు తుడుచుకొని పకపకా నవ్వింది.

"అత్తమ్మా, గిది ముందుకు పోతాందా, ఎనుకకు వస్తాందా?"

కన్నులేని చిలకల చీర నేసి నాకే ఇమ్మన్నాను, వచ్చే పెళ్లికి కట్టుకుంటానని. అత్తమ్మ అన్న మాటే, ఎన్నడూ వినకుండానే, ఆ పిల్ల నోట వచ్చింది. కాలం ఎటు నడుస్తోందో ఆ క్షణాన నాకూ తెలియలేదు.