టిక్కీ ముడి

యలమంద గురించి ఎవరినడిగినా ముందు జెండా సంగతే చెబుతారు. ప్రత్తిపాడు పక్కనున్న వాళ్ల ఊరి సెంటర్లో పార్టీ జెండా దిమ్మె ఉంది. దాని మీది కర్రకు ముప్పై ఏళ్లుగా జెండా కట్టేది యలమందే. గుడ్డను మడతలు పెట్టాలి, మధ్యలో బంతిరేకులు పోయాలి, పైన తాడు చుట్టి ముడి వేసి కర్ర కొసకు ఎక్కించాలి. కింద నాయకుడు ఒక్కసారి లాగితే పైన ముడి జారి, జెండా విచ్చుకుని, పూలు ఆయన నెత్తిన రాలాలి. చూడ్డానికి సులువే, చేయబోతే తెలుస్తుంది. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు నాలుగు రోజులు తిరిగి, చేతులు దులుపుకుని పోయారు.

ఇన్నేళ్లలో పార్టీ అతనికి ఇచ్చింది ఆ పని ఒక్కటే. పదవి లేదు, పందిట్లో కుర్చీ లేదు. ఫొటోలో కూడా అతను పడడు. ఆ సమయానికి తాడు కొస పట్టుకుని దిమ్మె వెనక ఉంటాడు. అయినా ఆ పనంటే ప్రాణం. పూలు రాలినప్పుడు జనం చప్పట్లు కొడితే తనకే కొట్టినట్టు పొంగిపోయేవాడు, పిచ్చి మనిషి!

అతనికి సొంతంగా సెంటు భూమి లేదు. పార్టీ మండల అధ్యక్షుడు వెంకటనారాయణ పొలం రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. కాగితం గీగితం ఏమీ లేదు. ఏటా ఉగాదికి "ఈ ఏడూ నువ్వే చేసుకోరా" అని ఆయన అనాలి, అంతే. ఆ మాట మీదే పదకొండేళ్లు గడిచాయి. బ్యాంకు అప్పు పుట్టాలన్నా, పంట పోతే పరిహారం రావాలన్నా కౌలు కార్డు ఉండాలి. కార్డు రావాలంటే పొలం గలాయన సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం ఎక్కడ చేజారుతుందోనని ఆయన పెట్టడు. కిందటేడు తుఫానుకు తోటంతా పడిపోతే పరిహారం వెంకటనారాయణ ఖాతాలో పడింది. ఆయన మంచివాడే, పిలిచి సగం చేతిలో పెట్టాడు. యలమంద భార్య రాజ్యం ఆ రోజు అన్నం ముట్టలేదు.

"పంట మనది, పోయింది మనకి. మనకి సగం ఇవ్వడానికి ఆయనెవరయ్యా?" అంది.

ఈ కార్డు మీదే పార్టీ రెండుగా చీలింది. శ్రీకృష్ణ అని, లా చదివిన కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయి. కౌలుదార్లు, యువకులు అతని వెనక చేరారు. యజమాని సంతకం లేకుండానే కార్డివ్వాలి, మిర్చి క్వింటాలుకు ఇరవై వేలు గ్యారంటీ ఇవ్వాలి, అప్పులన్నీ రద్దు చేయాలి అంటాడు. వెంకటనారాయణది పాతవాళ్ల వర్గం. "అన్నీ ఒక్కసారే అడిగితే ఒక్కటీ రాదు. రైతులు భయపడి పొలాలు బీడు పెట్టుకుంటారు. మెల్లగా ఒప్పించుకోవాలి" అంటారు వాళ్లు. అదీ అబద్ధం కాదు. ఊరికి కాలువ నీళ్లు, తారురోడ్డు వచ్చింది ఆ మెల్లగా ఒప్పించడం వల్లే. కానీ యలమందకు యాభై ఎనిమిదేళ్లు. ఇంకా ఎంత మెల్లగా?

పార్టీ పుట్టినరోజు నాడు జెండా ఎగరేశాక మండల సమావేశం పెట్టి, కార్డు తీర్మానం మీద చేతులెత్తించాలని నిర్ణయించారు. రెండు వర్గాలూ లెక్క చూసుకుంటే ఒకటి రెండు చేతులే తేడా. యలమంద చెయ్యి ఎటో ఎవరికీ అంతుపట్టలేదు. అతనికీ తెలియదు. ఎత్తితే ఉగాదికి పొలం పోతుంది, ఎత్తకపోతే ఈ జన్మకు కార్డు రాదు.

ముందురోజు సాయంత్రం యలమంద, రాజ్యం కళ్లంలో టిక్కీలు కడుతున్నారు. టిక్కీ అంటే నలభై కిలోల మిరపకాయ కూరిన గోనెసంచి. ధర పడిపోయింది, పైన మబ్బు పట్టింది. ఎండిన కాయను కోల్డ్ స్టోరేజీకి తోలేయాలని మూడు రోజులుగా ఇదే పని. టిక్కీ మూతికి పురికొసతో వేసే ముడి లాగేకొద్దీ బిగుసుకోవాలి. లారీలోంచి ఈడ్చి పడేసినా ఊడకూడదు. ఘాటుకు యలమంద చేతులు మంటలెత్తి, చన్నీళ్లలో ముంచినా ఊరుకోవడం లేదు.

వెంకటనారాయణ మోటారు సైకిలు ఆపి, దిగకుండానే పిలిచాడు.

"ఏరా, రేపు జిల్లా నుంచి పెద్దలొస్తున్నారు. ముడి బాగా వెయ్యి."

"అట్టాగేనయ్యా."

"ఉగాది దగ్గర పడుతోంది. పొలం సంగతి అప్పుడు చూద్దాంలే." బండి కదిలిపోయింది.

ఆ దుమ్ము అణగకముందే శ్రీకృష్ణ నడిచొచ్చి టిక్కీ మీద కూర్చున్నాడు.

"బాబాయ్, రేపు నువ్వు చెయ్యెత్తావంటే మండలంలో కౌలుదార్లంతా ఎత్తుతారు. చరిత్ర అయిపోద్ది!"

"చరిత్ర సరే బాబూ. ఉగాదికి నా పొలం పోతే?"

"పోరాడదాం."

"ఎన్నాళ్లు?"

శ్రీకృష్ణ నవ్వేసి, గుప్పెడు కాయ తీసి రంగు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయాడు. యలమందకు ఏడుపొచ్చినంత పనైంది. ఇద్దరూ తనవాళ్లే, కానీ ఇద్దరూ తన చేతిని చూసి పోయారు గానీ తనను చూసినట్టు లేదు.

తెల్లారి బంతిరేకులు తీసుకుని దిమ్మె దగ్గరికి వెళ్లాడు. మడతలు పెట్టాడు, రేకులు పోశాడు, తాడు చుట్టాడు. మనసు మాత్రం అక్కడ లేదు, ఎత్తాలా వద్దా అన్న చోటే తిరుగుతోంది. ముడి వేసి, జెండాను పైకి పంపి, టీ తాగడానికి పోయాడు.

తొమ్మిదింటికి జనం పోగయ్యారు. వెంకటనారాయణ జై కొట్టి తాడు లాగాడు. ముడి జారలేదు. మళ్లీ లాగాడు. పైన జెండా మూటలాగా ఇంకాస్త బిగుసుకుంది. మూడోసారి తాడుకు వేలాడినంత పని చేశాడు. ఒక్క రేకు రాలితే ఒట్టు!

ఆ బిగుసుకోవడం చూడగానే కింద నిలబడ్డ యలమందకు అర్థమైంది. చెయ్యి అలవాటు మీద టిక్కీ ముడి వేసేసింది.

"ఇది శ్రీకృష్ణ పనే! కౌలోడితో ముడేయించి పెద్దాయన పరువు తీస్తారా?" అని అటునుంచి ఒకడు అరిచాడు. "మీరే వేయించి మా మీదికి నెడతారా? ఓడిపోతామని సభ చెడగొడుతున్నారు!" అని ఇటునుంచి కుర్రాళ్లు లేచారు. కుర్చీలు లేచాయి, చొక్కాలు చిరిగాయి. జిల్లా పెద్దలు మంచినీళ్ల సీసాలు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

యలమంద దిమ్మె ఎక్కాడు.

"ఎవురూ చెప్పలేదండీ! నేనే! మూడు రోజుల్నించి టిక్కీలు కడతన్నా, చెయ్యి దానికే పోయింది. పొరపాటండీ!"

వినేవాడేడీ? పొరపాటు ఎవరికి కావాలి?

వెంకటనారాయణ అతన్ని పందిరి వెనక్కి తీసుకెళ్లాడు. "శ్రీకృష్ణే వేయించాడని ఒక్క మాట చెప్పరా. మూడేళ్లకు కౌలు కాగితం రాసిస్తాను." పదకొండేళ్లలో ఆయన నోట కాగితం అన్న మాట రావడం అదే మొదలు. ఆయన అటు వెళ్లగానే శ్రీకృష్ణ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "కావాలనే వేశానని చెప్పు బాబాయ్. కౌలురైతు నిరసన! రేపు పేపర్లో నీ ఫొటో వస్తది. కార్డు ఎందుకియ్యరో చూస్తా."

యలమందకు ఆశ పుట్టలేదని కాదు. కానీ ఈ ఒక్క ముడి ఎవరో వేయించారని ఒప్పుకుంటే, ముప్పై ఏళ్లుగా తాను వేసినవన్నీ కూడా ఎవరో వేయించినవే అయిపోతాయి. అది తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

"పొరపాటు బాబూ. నన్నొదిలెయ్" అన్నాడు. వెంకటనారాయణ మళ్లీ వస్తే ఆయనకీ అదే చెప్పాడు.

మధ్యాహ్నానికి జిల్లా పెద్దలు రెండు వర్గాల్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. ఎవరూ ఎవరినీ నిందించకూడదు. కార్డు తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా. జరిగిన అవమానానికి బాధ్యుణ్ణి చేసి యలమందను జెండా పని నుంచి తప్పించాలి. ముందు వెంకటనారాయణ చెయ్యెత్తాడు, వెంటనే శ్రీకృష్ణ ఎత్తాడు. తర్వాత పందిరంతా చేతులే. ఆ పార్టీలో అంత ఐకమత్యం ఎప్పుడు చూశాం!

భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. పైనున్న జెండా సంగతి ఎవరికీ గుర్తులేదు. యలమందే కిందికి దించి, వేళ్లతో రాక, పళ్లతో ముడి విప్పాడు. వడిలిన రేకులు దిమ్మె మీద పడ్డాయి. జెండా మడిచి దిమ్మె మీద పెట్టి ఇంటికి నడిచాడు.

రాజ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది. "చేతులెత్తారంటగా? కార్డు నెగ్గిందా?"

"దాన్ని వాయిదా వేశారు."

"మరి దేనికెత్తారు?"

"నన్ను జెండా పని నించి తీసెయ్యడానికి."

"నువ్వు ఎత్తలేదుగా?"

యలమంద అరుగు మీద కూలబడ్డాడు.

"ఎత్తానే" అన్నాడు. "అందరూ ఎత్తారు. ఇరువైపులవాళ్లూ నా వంకే చూస్తన్నారు. ఎవరి వైపూ పోకుండా నేను చెయ్యెత్తగలిగింది అదొక్కదానికేగా?"

రాజ్యం లోపల్నించి కొబ్బరినూనె సీసా తెచ్చి, పక్కన కూర్చుని, ఎర్రగా పొంగిన ఆ చేతులకు రాయసాగింది. కళ్లంలో ఇంకా పద్నాలుగు టిక్కీలు కట్టాల్సి ఉంది.