ఐలయ్య గడ్డపార, ఎర్ర మెట్టతామర

తిట్టకుండా మాట్లాడటం ఇంటి ఓనరు ఐలయ్యకు చేతకాదు. కొండాపూర్‌లో ఆ గల్లీలో అందరికీ తెలిసిన సంగతే ఇది. ప్రహరీ పొడవునా నాటుకున్న మెట్టతామరలను కూడా తిడుతూనే పెంచుతాడు. "పది దినాలాయె, ఒక్క మొగ్గ లేదు. తిని పండుడేనా?" అని గద్దించి, ఆ వెంటనే గంపెడు పేడ ఎరువు వేస్తాడు.

కింది వాటాలో కిరాయికుండే నర్సు ప్రిస్కిల్లాకు పొద్దున్నే గేటు తీయగానే మొదలు.

"ఓ సిస్టరమ్మా! బియ్యం కడిగిన నీళ్లు ఏడ పోసినవ్?"

"సింకులోనండి."

"సింకుకేమన్న పూలు పూస్తయా?"

పై వాటా ప్రవీణ్ ఒకనాడు ఫోన్లో ఆఫీసు మీటింగ్ మాట్లాడుతూ పూలు వాడిపోయిన కాడ పక్కన నిలబడ్డాడు. "పూసుడయిపోయింది, మొదలుకంటా నరికెయ్!" అని ఐలయ్య అరిచిన అరుపు మీటింగ్‌లో పద్నాలుగు మందికీ వినిపించింది. ఏ ప్రాజెక్టును నరకమంటున్నారని మేనేజరు గాభరాపడ్డాడట.

ఇదంతా ప్రిస్కిల్లా ఓర్చుకుంది. ఆ శనివారం మాత్రం ఓర్చుకోలేకపోయింది. తుంటి విరిగి రెండు నెలలుగా మంచంలో ఉన్న తల్లి ఎస్తేరుకు కిటికీ ఒక్కటే లోకం. ఆ కిటికీ ముందు నిలువెత్తు ఎర్ర మెట్టతామరలు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి అవి లేవు. బురద గుంట ఉంది, దుంపల కుప్ప ఉంది, గడ్డపారతో ఐలయ్య ఉన్నాడు.

"ఎవర్ని అడిగి తవ్వారండీ?"

"నా జాగ, నా దుంపలు. నిన్నడగాల్నా?"

"మా అమ్మకున్నవే ఆ నాలుగు పూలు! మీది మనసా, రాయా? లింగంపల్లిలో ఇల్లు చూసుకుంటాం. ఒకటో తారీఖుకి ఖాళీ!"

"చెయ్! ఎవలొద్దన్నరు?"

తలుపు దడాలున వేసి, ప్రిస్కిల్లా మంచం కింది పెట్టె ఈడ్చింది. చూస్తే తల్లి నవ్వుతోంది.

"నవ్వెలా వస్తుందమ్మా నీకు?"

"ఇలా వచ్చి నా పక్కన పడుకోవే ఒకసారి."

మండిపడుతూనే పడుకుంది. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఆ వాటా పల్లమైపోయింది; బయటి మట్టి కిటికీ అంచుదాకా ఉంటుంది.

"నువ్వు గేటు దగ్గర చూసే పూలు నాకెక్కడివే? అవి సన్‌షేడ్ పైన పూసేవి. నాకు కాడలూ ఆకులే. మొన్న ఆయన 'పూలెట్లున్నయక్కా' అంటే ఆ మాటే చెప్పాను. 'రెండు నెలలసంది నోట్లె ఏం పెట్టుకున్నవ్' అని నన్నూ తిట్టాడు."

ప్రిస్కిల్లా కిటికీ వైపు తల తిప్పింది. రోజూ పక్క సర్దే తను, ఆ దిండు మీద తల పెట్టి చూసిందెన్నడు?

అంతలో కిటికీలో రెండు బురద చేతులు కనిపించాయి. మోకాలెత్తు పొట్టి రకం మెట్టతామరను గుంటలో దింపుతున్నాయి. సరిగ్గా దిండుకు ఎదురుగా రెండు పసుపు పూలు.

"గీ కిటికీ దాటి పైకి పెరిగితే కాళ్లిరగ్గొడ్త బిడ్డా," అంటున్నాడు ఐలయ్య, మొక్కతో. అంతలోనే దిండు మీద రెండు తలలు చూశాడు. "ఏందే సిస్టరమ్మా, ఖాళీ చేస్తనంటివి?"

ప్రిస్కిల్లా లేచి, బియ్యం కడిగి, ఆ నీళ్లు గిన్నెతో తెచ్చి మొక్క మొదట్లో పోసింది.

"గిన్ని నీళ్లేనా? ఇంకో గ్లాసెడు బియ్యం కడగరాదూ?"

"తినేదెవరండీ?"

"ఏం, నేను సచ్చిన్నా?"