కాలువలో తేలని డీజిల్

విడవలూరు దగ్గర రొయ్యల చెరువు చేసే పెంచలకృష్ణకు లెక్కల పిచ్చి. చెరువులో వల విసిరి, పడిన రొయ్యల్ని బట్టి మొత్తం సరుకు అంచనా కట్టడం అక్కడి రైతులందరికీ తెలిసిందే. ఈయన అంతటితో ఊరుకోడు. పెళ్లిలో సాంబారు గుండిగ ఎన్ని లీటర్లు పడుతుందో తేల్చందే విస్తరి ముందు కూర్చోడు. భార్య వాణి తల కొట్టుకుంటుంది.

ఆ రోజు తెల్లవారకముందే మేత కోసం నెల్లూరు వెళ్లి తిరిగొస్తుంటే, కాలువ వంతెన పక్కన డీజిల్ ట్యాంకరు బోల్తా పడి ఉంది. కారడం ఆగిపోయింది. డ్రైవరు స్టేషనుకు వెళ్లాడట, వివరం చెప్పేవాడు లేడు. కాలువంతా రంగురంగుల తెట్టు. సాయంత్రం సముద్రపు పోటుకు కాలువ పొంగగానే ఆ నీళ్లే చెరువుకు తోడాలి. డీజిల్ ఎక్కువ కలిసి ఉంటే తోడటానికి లేదు, ఎదగని రొయ్యల్ని ఇవాళే పట్టి అయినకాడికి అమ్ముకోవాలి.

ఇంతకీ ఎంత పోయింది? ట్యాంకరులో నాలుగు అరలుంటే చిరిగింది ఒక్కటే. తాడుతో దాని చుట్టుకొలత, పొడవు తీశాడు. అయిదు వేల లీటర్లు పడుతుంది. వేలి కణుపులతో రేకు తట్టాడు, సగం దాకా గుల్ల. అంటే రెండున్నర వేలు పోయినట్టే.

మరి కాలువలో ఎంత ఉంది? నీటిగుంటలో చెంచాడు డీజిల్ పోసి, తెట్టు ఎంత మేర పరుచుకుందో కొలిచాడు. వలేసి రొయ్యలు లెక్కగట్టినట్టే కాలువ మొత్తానికి హెచ్చవేశాడు. బిందెడు కూడా తేలలేదు! ఎన్నిసార్లు వేసినా అంతే. మిగతాదంతా ఎటు పోయినట్టు? ముందు తమాషాగా అనిపించింది, తర్వాత భయమేసింది. దిగువన తుంగలో దాగి, పోటుకు కదిలొస్తుందేమో!

"వాణీ, టబ్బులు తీపిచ్చు! రొయ్యలు పట్టేస్తాం," అని పరుగున వచ్చి చెరువు గట్టు మీది నుంచే కేకేశాడు.

"టబ్బులు యాడుండాయి? తెల్లారగానే పక్క చెరువు రెబెక్కమ్మక్క కేకేసింది, ట్యాంకరు పడిందని. ఆడోళ్లమంతా కారేచోట టబ్బులు పెట్టి పట్టినాం. నిండినయ్యి ట్రాక్టరు మీద ఐసు ఫ్యాక్టరీ కాడ దించినాం. కాలవలో పడితే మన రొయ్యలు బతుకుతాయా?"

"నాకు చెప్పలేదేం?"

"రెండుసార్లు ఫోను చేసినా. మేత లెక్కలో ఉంటే నువ్వు ఎత్తుతావా?"

"ఎన్ని టబ్బులు?"

"అయిదు."

టబ్బుకు అయిదు వందల లీటర్లు, సరిగ్గా ఆ రెండున్నర వేలే. కృష్ణకు ఏడుపొచ్చింది. వాణి చేతులు పట్టుకున్నాడు, డీజిల్‌కు మండి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాస్తూ, మిగిలిన కాస్త తెట్టూ లోపలికి రాకుండా గొట్టం చుట్టూ వరిగడ్డి పరిచి పోటుకు మోటారు వేయమని పనివాళ్లకు చెప్పాడు.