రంగప్ప చేయి

కర్పూరం వాసన తగిలితే నేను ముందు కిటికీలు తెరుస్తాను. మొన్న ఆఫీసులో ఆయుధపూజ నాడూ అదే చేశాను. పళ్లెం పట్టుకున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రంగప్ప చనిపోయి అప్పటికి పదకొండు రోజులు.

కర్ణాటకలో చిక్కబళ్ళాపుర కొత్త జిల్లా అయిన ఏడాది నేను ఎంటెక్ చివర్లో ఉన్నాను. మాది బాగేపల్లి. పట్టుగూళ్లు ఉడికించిన మురికినీళ్లను పులియబెట్టి హైడ్రోజన్ తీయడం నా థీసిస్. అదే పని మీద జర్మనీ నుంచి హన్నా అనే విద్యార్థిని ఆరు నెలలకు వచ్చింది. ఆమె తిరిగి వెళ్ళాక నేను అక్కడికి వెళ్ళాలి. రీడింగులు బాగుంటేనే ఆ అవకాశం. చింతామణి బయట మాకు ఇచ్చిన రేకుల షెడ్డును చూసుకోమని కాలేజీ తన వర్క్‌షాపు మెకానిక్ రంగప్పను పంపింది. ఆయన రోజూ తలుపు దగ్గర మమ్మల్ని ఆపేవాడు. స్విచ్చి ముట్టుకోకముందు, ఆ రోజు దేనికి భయపడుతున్నామో ఒక్కొక్కరం చెప్పాలి.

"బల్లి," అనేది హన్నా, నేర్చుకున్న తెలుగులో.

"బల్లి పేలదులేమ్మా. ఇంకోటి చెప్పు."

ఇదంతా చిన్నపిల్లల ఆటలా ఉందని ఒకసారి అన్నాను. రంగప్ప నవ్వలేదు. "మండినా కంటికి కనపడని గ్యాసుతో పని చేస్తాండావు. కంటికి కనపడనిది నోటితో చెప్పాల," అన్నాడు.

ఆ ఏడాది ఆయుధపూజ నాడు నేను అందరికంటే ముందు వెళ్ళి తాళం తీశాను. రాత్రి వానకు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గ్యాసు నిండేకొద్దీ నీళ్ల మీద పైకి లేచే డ్రమ్ము, నిన్న చాక్‌పీసుతో గీసిన గీతకు నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. ఎక్కడో కారుతోంది. ఎప్పటి నుంచి కారుతోందో తెలియదు. అంటే అన్ని వారాల రీడింగులూ అనుమానమే. మరునాడే జర్మనీకి రిపోర్టు పంపాలి. బయట సైకిలు చప్పుడైంది. పూజ అయ్యాక ఎవరికీ తెలియకుండా సరిచేద్దామనుకుని, తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను.

రంగప్ప కొత్త చొక్కా వేసుకున్నాడు. హ్యాండిల్‌కు అరటిపండ్లు వేలాడుతున్నాయి. "ఏమ్మా, ఈ పొద్దు భయమేంది?"

"రిపోర్టప్పా."

"రిపోర్టేమన్నా కరస్తాదా?"

నేను చెప్పింది అబద్ధం కాదు. అందుకే నమ్మాడు. కర్పూరం ఎప్పుడూ గడపకు ఇవతలే వెలిగించాలని, తలుపు మూసి ఉండాలని ఆయనే పెట్టిన నియమం. అలాగే వెలిగించాడు. ఫోటోలో యంత్రం కూడా పడాలని, అప్పుడే కెమెరాతో వచ్చిన హన్నా తలుపు మీద చేయి వేసింది.

"తీయొద్దు! గ్యాసు కారతాంది!" అని అరిచాను.

హన్నా నిలబడిపోయింది. రంగప్ప అరచేత్తో కర్పూరాన్ని అదిమేశాడు. మమ్మల్ని రోడ్డు మీదికి తరిమి, బయటి నుంచే కట్టెతో కిటికీలు నెట్టాడు. చాలాసేపటికి చేతికి తడిగుడ్డ చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎంత దిగింది?"

"నాలుగు వేళ్లు."

"ఎప్పుడు చూసినావు?"

"నువ్వు రాకముందే."

ఆయన పెదవులు వణికాయి. కోపమనుకున్నాను. కాదు, భయం. తడిగుడ్డ బిగించుకుంటూ అన్నాడు: "రీడింగులు తప్పని రాసెయ్. ఎప్పుడు చూసినావనేది రాయాల్సిన పని లేదు."

"నీ మీదికి వస్తాదప్పా."

"రానీలే. నన్నేమన్నా జర్మనీకి పంపిస్తాండారా?"

పూజల పిచ్చితో షెడ్డు తగలబెట్టబోయాడని కాలేజీ ఆయన్ను పనిలోంచి తీసేసింది. ఆ మాట అన్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. తల ఎత్తలేదు. ఆయన కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. నేను జర్మనీ వెళ్ళాను. లీకు కనిపెట్టిన అమ్మాయిగా అక్కడి ల్యాబులో నన్ను పరిచయం చేశారు. ఎప్పుడు కనిపెట్టావని ఎవరైనా అడుగుతారేమోనని ఉన్నన్నాళ్లూ వణికాను. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడగని ప్రశ్న పెట్టే భయం తీరదు.

మొన్న ఆఫీసులో పూజ అయిన మర్నాడు రంగప్ప భార్య లక్ష్మమ్మకు ఫోన్ చేశాను. "పూజల పిచ్చితో చేయి కాల్చుకొని పని పోగొట్టుకున్నాడమ్మా. చచ్చేదాకా దానికే తిడతాంటిని," అని ఏడ్చింది. నేను ఊఁ కొట్టాను.

ఆదివారం చింతామణికి పోతున్నాను. ఇక్కడ రాయడం తేలిక. ఆమె ముఖం చూస్తూ చెప్పాలి.